రంగము వెళ్ళిన వంటయిల్లు

ఒక కుటుంబము ఊరు విడిచి దూరదేశమునకు వెళ్ళినప్పుడు చరిత్రకారుడు ఓడ పేరును, బయలుదేరిన తేదీని, చేరిన రేవును వ్రాసికొనును. ఆ కుటుంబము అచ్చట మొదటి రాత్రి ఏమి వండుకొని తిన్నదో వ్రాయువారు అరుదు. అయినను పరాయిగడ్డ మీద మనుష్యుడు నిలదొక్కుకొనుటకు మొదటి మెట్టు ఆ వంటయే. బస చేసిన గది ఇల్లుగా మారుట పొయ్యి వెలిగిన తరువాతనే.

ఆ పొయ్యి చుట్టును అల్లుకొన్న విద్య ఒకటి కలదు. అది వంటలోని దగ్గరిదారి. రెండు గంటల పనిని అరగంటలో ముగించు ఉపాయము, దొరకని వస్తువునకు మారుగా దొరికినదానితో పని గడుపుకొను నేర్పు ఈ విద్యలోనివే. కొందరు దీనిని సోమరితనమందురు. ‘ఈ కాలపు ఆడువారి పద్ధతి’ అని మరికొందరు పెదవి విరుతురు. తెలుగువారి వంటయింటి అటక మీదికిని, తెలుగువారు వలసపోయిన దేశముల వంటయిండ్లలోనికిని ఒకసారి తొంగిచూచినచో ఆ మాట నిలువదు. దగ్గరిదారి అమ్మమ్మల నాటిది. అది తోడు లేనిచో సముద్రము దాటిన కాపురములు కుదుటపడుట మరింత కష్టమయ్యెడిది.

ఏడాది పని, ఒక్కపూట భోజనము

వేసవిలో ఆవకాయ పెట్టు దినములు తెలుగింట చిన్న పండుగ వంటివి. కాయలు ఏరి కడుగవలెను. తడి లేకుండ తుడిచి టెంకతో ముక్కలు కొట్టవలెను. జీడి తీసి, ఆవపిండి, కారము, ఉప్పు పాళ్ళు చూచి కలిపి, నూనె పోసి, జాడీలో అణచి వాసెన కట్టవలెను. మూడవనాడు తిరుగ కలుపు వరకు ఇంటిల్లిపాదికిని చేతినిండ పని. ఆ తరువాత ఏడాది పొడుగున, చుట్టము వేళగాని వేళ వచ్చినను, ఇల్లాలికి జ్వరము తగిలినను, వానకు సంత సాగకపోయినను చింత లేదు. వేడియన్నము, ఆవకాయ, కాస్త నెయ్యి ఉన్నచో భోజనము సిద్ధము. చూచువారికి అది క్షణములో అమరిన భోజనము. నిజమునకు దాని పని ఎండకాలమునందే జరిగిపోయినది.

ఊరగాయ ఒక్కటియే కాదు. గింజ తీసి, ఉప్పు కలిపి కుండలో అణచిన చింతపండు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు, కందిపొడి, కరివేపాకు పొడి, ఉడికించి దాచిన పులిహోర పులుసు, అటుకులు, పేలపిండి, అన్నియు ఈ కోవలోనివే. ఇవి ముందుగా చెల్లించిన శ్రమ. బ్యాంకులో దాచిన సొమ్మువలె ఇల్లాలు దీనిని కావలసిన దినమున కావలసినంత తీసికొనుచుండును.

ఇందులోని శాస్త్రము పాఠశాల విద్యార్థికి సులభముగనే బోధపడును. ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవులు పెరుగుటకు నీరు కావలెను. ఎండ ఆ నీటిని తీసివేయును. ఉప్పు మిగిలిన నీటిని వానికి అందనీయదు. పులుపు వానిలో పెక్కింటిని పెరుగనీయదు. ముక్క మీద తేలు నూనె గాలిని అడ్డగించును. ఈ సూత్రములను ఎవరును బల్ల మీద వ్రాసి చెప్పలేదు. తడిచేయి జాడీలో పెట్టిన పిల్లవానిని అవ్వ కసరినప్పుడు చెప్పినది ఈ పాఠమే.

ఇట్లు రాబోవు కాలము కొరకు దాచుకొన్న సరకు దూరప్రయాణమునకును పనికివచ్చినది. ఏడాది నిలువయుండునది ఓడలో వారము దినములు నిలువకపోవునా?

కోరంగి నుండి రంగమునకు

గోదావరి సముద్రములో కలియు ప్రాంతమున, కాకినాడకు సమీపమున కోరంగి అను రేవు ప్రసిద్ధముగా నుండెను. 1839 లో వచ్చిన ఘోరమైన తుపాను ఆ రేవును ధ్వంసము చేసినది. అయినను ఆ పేరు బంగాళాఖాతము దాటి బర్మాలో నిలిచినది. అచ్చటి తెలుగువారిని, వారు ఏ ఊరివారైనను, ‘కోరంగీలు’ అని పిలిచిరి.

1852 లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. ఐరావతి నది ముఖద్వారపు భూములలో వరిసాగు వ్యాపించినది. రంగూనులో ధాన్యపు మిల్లులును, రేవు పనులును పెరిగినవి. వానికి కూలీలు కావలసివచ్చిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి వేలకొలది జనము కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో పొగయోడలెక్కిరి. ఉత్తరాంధ్ర పల్లెల నోట రంగూను ‘రంగము’ అయినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరములో సగమునకు పైగా భారతీయులే యుండిరి.

వెళ్ళినవారిలో మగవారే ఎక్కువ. కొన్నేండ్లు కష్టించి, నాలుగు రూకలు కూడబెట్టుకొని తిరిగిరావలెనన్నది వారి తలంపు. ఇరుకు గదులలో పలువురు కలిసి కాపురముండిరి. తెల్లవారకముందే రేవునకో మిల్లునకో పోవలసిన కూలివానికి వంట కొరకు వెచ్చించుటకు సమయమేది? ఇంటివద్ద గరిటె పట్టి ఎరుగని చేయి అచ్చట పొయ్యి రాజేయక తప్పలేదు. కూటి కొరకు కోటి విద్యలన్నారు. ఆ కోటిలో వంట ఒకటని ఎందరో మగవారికి తెలిసినది వలసలోనే. అట్టి బ్రదుకునకు ఊరగాయ జాడీ, చింతపండు ముద్ద, ఎండుచేప ఎంతటి ఆదరువో వేరుగ చెప్పనక్కరలేదు.

కాలక్రమమున భార్యాబిడ్డలతో స్థిరపడినవారును కలరు. ఊరు విడిచి వచ్చిన ఇల్లాలికి బర్మా అంగడిలో ఎరిగిన ముఖమొకటి ఎదురైనది. అది గోంగూర. బర్మావారు దానిని ‘చిన్‌బౌంగ్’ అందురు. వారి భాషలో ‘చిన్’ అనగా పులుపు. వెల్లుల్లి, రొయ్యలు, వెదురు చిగుళ్ళు చేర్చి వారు దానిని నూనెలో మగ్గింతురు. గోంగూర రొయ్యల కూర తెలిసిన కోస్తావారికి ఆ వంట పరాయిదిగా తోచునా? బర్మావారు ఉదయమున ఇష్టముగా తిను మొహింగాలో చేపల పులుసు, బియ్యపు సేవెలతోపాటు అరటిదవ్వయు ఉండును. ఆవపెట్టిన అరటిదవ్వ కూర తెలిసిన ఇంట అదియు పాత పరిచయమే.

బర్మా వంటయింటిలోను దగ్గరిదారులుండెను. వేయించిన శనగపిండి, కరకరలాడ వేయించిన వెల్లుల్లియు ఉల్లియు, ఆ వేపుడులో మిగిలిన కమ్మని నూనె, ఇవి డబ్బాలలో సిద్ధముగా నుండును. ఆకులో, సేవెలో, ఉడికిన దుంపలో పళ్ళెములో వేసి, సిద్ధముగా నున్న ఈ దినుసులు చల్లి చేతితో కలిపినచో వంట పూర్తి. ఇట్లు కలిపిన వంటకమునకు వారి భాషలో ‘అతో’ అని పేరు. తెలుగింటి పొడుల డబ్బాలకు ఇది దగ్గరి చుట్టమనవచ్చును.

అయితే ఒకే ఆకు తిన్నంత మాత్రమున మనుష్యులు ఒకటి కారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మా కూలీలకును మధ్య పని విషయమై పుట్టిన తగవు పెద్ద అల్లరియై పెక్కుమంది ప్రాణములు తీసినది. 1938 లో మరల అల్లరులు చెలరేగినవి. పొట్టకూటి పోటీ వచ్చినప్పుడు పళ్ళెములోని పోలిక అడ్డుపడలేదు. ఈ సంగతిని దాచి వలస జ్ఞాపకములను తీపిగా మాత్రమే చెప్పుకొనుట న్యాయము కాదు.

నడిచివచ్చినవారు, ఓడలో వచ్చినవారు

1941 డిసెంబరు 23 న జపాను విమానములు రంగూను మీద బాంబులు కురిసినవి. 1942 మార్చి 8 న నగరము జపాను సేనల వశమైనది. ఓడలలో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను దారిని, మణిపురపు కొండల దారిని కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలికి, కలరాకు, మలేరియాకు వేలకొలది జనము దారిలోనే బలియైరి. ఆ దారిలో తలమీది మూటలో పట్టినదే ఇల్లు.

ఆ యుద్ధము బర్మా ఎన్నడును చూడనివారి వంటయిండ్లలోనికి కూడ వచ్చినది. బర్మా బియ్యము రాక నిలిచిపోయినది. దక్షిణ దేశమున బియ్యమునకు కొరత యేర్పడినది. ఆ కాలముననే బెంగుళూరులోని మావళ్ళి టిఫిన్ రూములవారు బియ్యమునకు బదులు గోధుమరవ్వతో ఇడ్లీ చేసిరని ఆ సంస్థవారి కథనము. రవ్వను వేయించి, పెరుగు కలిపి, సోడా వేసి ఆవిరి మీద ఉడికించినచో పప్పు నానబెట్టి రుబ్బి రాత్రంతయు పులియబెట్టు పని లేదు. నేడు తెలుగు ఇండ్లలో తొందరపూట చేసికొను రవ్వ ఇడ్లీ వెనుక ఒక మహాయుద్ధపు నీడ కలదని ఎందరికి తెలియును?

1948 జనవరి 4 న బర్మా స్వతంత్రమైనది. యుద్ధానంతరము తిరిగి వెళ్ళినవారును, కదలక నిలిచినవారును అచ్చట బ్రదుకు సాగించుచుండిరి. 1962 మార్చిలో సైన్యము అధికారము చేపట్టినది. 1964 లో దుకాణములు జాతీయమయినవి; పెద్ద నోట్లు చెల్లకుండ పోయినవి. ఆ ఏటినుండి లక్షకు పైగా భారతీయులు ఓడలలో తిరిగివచ్చిరి. వెంట తెచ్చుకొననిచ్చినది బహు స్వల్పము. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేరు, పలు పట్టణములలో బర్మా కాలనీలను పేర్లు ఆ రాకకు గురుతులు.

వచ్చినవారిలో బర్మాలోనే పుట్టి పెరిగినవారు ఎందరో కలరు. పెద్దలకు ఇది తిరిగివచ్చిన ఊరు. పిల్లలకు క్రొత్త దేశము. పెద్దలు రంగములో నుండగా గోదావరి నీటిని తలచుకొనిరి. పిల్లలు ఇచ్చటికి వచ్చి ఐరావతి ఒడ్డును తలచుకొనిరి. ఏది స్వదేశము, ఏది పరదేశము అను ప్రశ్నకు కాగితము మీది జవాబు ఒకటి, నాలుక చెప్పు జవాబు మరియొకటి.

నాలుక చెప్పిన జవాబు మద్రాసు వీధులలో నేటికిని వినవచ్చును. రేవునకు దగ్గరగా బర్మా బజారు ప్రాంతమున, తిరిగివచ్చినవారు బండ్ల మీద అమ్మనారంభించిన ‘అత్తో’ ఇప్పుడు ఆ నగరపు తిండియైనది. గోధుమ నూడుల్సు, తరిగిన క్యాబేజి, వేయించిన ఉల్లి, చింతపండు రసము, ఎండుమిరప పలుకులు చేతితో కలిపి, ప్రక్కన అరటిదవ్వ పులుసు పోసి ఇత్తురు. బర్మాలో చేసిన వంట అచ్చముగా ఇదియే కాకపోవచ్చును. దొరికిన సరకుతో కట్టిన జ్ఞాపకమిది. కోరంగివారు వెళ్ళునప్పుడు ఏ ఉపాయము వెంట తీసికొని వెళ్ళిరో, తిరిగివచ్చినవారికిని ఆ ఉపాయమే అన్నము పెట్టినది.

చలిదేశములో పులుపు వెదకుట

తరువాతి వలస మరియొక దిక్కునకు సాగినది. 1965 లో అమెరికా తన ప్రవేశ చట్టమును మార్చిన తరువాత తెలుగు వైద్యులు, ఇంజనీర్లు, విద్యార్థులు ఆ దేశమునకు వెళ్ళుట పెరిగినది. వీరు ఎక్కినది విమానము. చేరినది సంపన్న దేశము. ఐనను వంటయింటి చిక్కు పాతదే. మొదటి దశాబ్దములలో పెక్కు ఊళ్ళలో గోంగూర లేదు, మామిడికాయ లేదు, కరివేపాకు లేదు.

అచ్చటి ఇల్లాండ్రు పులుపును వెదకికొన్న తీరు రసాయనశాస్త్ర పాఠము వంటిది. పచ్చిమామిడికి బదులు పుల్లని ఆకుపచ్చ ఆపిలును తురిమి పులిహోర కలిపిరి. ఈ రెండింటిలోను మాలిక్ ఆమ్లము కలదు. గోంగూరకు బదులు రూబార్బు అను మొక్క యొక్క ఎర్రని కాడలను పప్పులో వేసిరి. ఆ రెండింటిలోను ఆక్సాలిక్ ఆమ్లము కలదు. రూబార్బు ఆకు మాత్రము విషము, కాడయే తినదగినది. శరత్కాలమున అంగళ్ళకు వచ్చు క్రాన్‌బెర్రీ పండ్లతో పచ్చడియు పప్పును చేసిరి. ‘క్రీమ్ ఆఫ్ వీట్’ అను పేర అమ్ము ఉదయపు జావరవ్వ ఉప్మా అయినది.

ఇడ్లీ పిండి మరియొక సమస్య. పిండిని పొంగించు సూక్ష్మజీవులకు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి అనుకూలము. మంచు కురియు ఊరిలో గది మూల పెట్టిన గిన్నెలో పిండి తెల్లవారినను కదలదు. అందుచేత పిండిగిన్నెను రొట్టెలు కాల్చు పొయ్యిలో, అనగా ఓవెనులో పెట్టి, దానిని వెలిగింపక లోపలి దీపము మాత్రము వేసియుంచిరి. ఆ చిన్న దీపపు వెచ్చదనము తెలుగు వేసవిరాత్రికి బదులైనది.

కందిపప్పు ఉడుకుటకు కుక్కరు తోడైనది. దీని మూలము చాల పాతది. డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679 లో లండనులో ఆవిరి బిగించి వండు పాత్రను చూపెను. బిగించిన ఆవిరి ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును. పప్పు త్వరగా మెత్తబడును. భారతదేశమున 1959 ప్రాంతమున కుక్కరుల పరిశ్రమ ఆరంభమైనది. తరువాత విదేశమునకు వెళ్ళు పెక్కురి పెట్టెలలో ఊరగాయ ప్రక్కన ఈ పాత్రయు చేరినది.

ఆ పెట్టెలో పుస్తకమునకును చోటుండెను. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనము’ శీర్షికను ఏండ్ల తరబడి నడిపిన మాలతీ చందూరు రచించిన ‘వంటలు పిండివంటలు’ పలుమారులు పునర్ముద్రణ పొందినది. అమ్మ ప్రక్కన నిలిచి నేర్చుకొనుటకు వీలులేనివారికి అట్టి పుస్తకము అమ్మ మాటవలె పనికివచ్చును. ‘చేతికి వచ్చినంత’, ‘కంటికి కనిపించినంత’ అను పాత కొలతలు చెంచాలలోనికి, గిన్నెలలోనికి మారుట ఆ తరములో జరిగిన పెద్ద మార్పు.

పొట్లము వేరు, ఉపాయము వేరు

నేడు అంగడిలో దొరకని పొట్లము లేదు. సాంబారు పొడి, పులిహోర ముద్ద, ఇడ్లీ పిండి, రుబ్బిన అల్లము వెల్లుల్లి, వండి సీలు వేసిన కూర, అన్నియు సిద్ధము. వీనిని నిందించుట సులభము. ఉద్యోగము చేసి వచ్చి వంటయు తానే చేయవలసిన స్త్రీకి అవి ఎంత మేలో నిందించువారు తలపోయరు. రోటి ముందర గడచిన గంటలు, తడికట్టెల పొగలో గడచిన గంటలు ఆడుదాని ఆయుష్షులోనివే. ఆ గంటలలో కొన్ని తిరిగి చేతికి వచ్చినచో ఆమె చదువుకొనవచ్చును, పిల్లల చదువు చూడవచ్చును, ఊరక కూర్చుండవచ్చును. చివరిదియు ఆమె హక్కే. వంట మొత్తము ఒకరి భుజముల మీద పెట్టి, ఆ ఒకరు దగ్గరిదారి త్రొక్కినప్పుడు రుచి తగ్గినదని తక్కినవారు నొచ్చుకొనుట ధర్మము కాదు. రంగములో కూలివాడు నేర్చిన పొయ్యిపని ఇంటిలోని మగపిల్లవాడు నేర్వలేడా?

ఒక భేదము మాత్రము గుర్తుంచుకొనవలసియున్నది. పొట్లము సమయము మిగుల్చును. ఉపాయము సమయముతోపాటు తెలివిని కూడ నిలుపును. పులుపు ఏల కావలెనో తెలిసినవారు చింతపండు దొరకనినాడు మరియొకదానిని వెదకుదురు. పిండి ఏల పొంగునో తెలిసినవారు మంచుదేశమునను ఇడ్లీ తిందురు. పొట్లమును మాత్రమే ఎరిగినవారు అది దొరకని చోట చేతులు ముడుచుకొందురు. కోరంగివారిని, మంచుదేశపు ఇల్లాండ్రను నిలిపినది పప్పు, పచ్చడి, పులుసు, పెరుగు అను వరుసయు, ఆ వరుసలో ఏ రుచి దేనికో అను ఎరుకయు. సరకు మారినది, పాత్ర మారినది, నిప్పు మారినది. ఆ వరుస నిలిచినది.

ఈ ఎరుకలో చాల భాగము కాగితమునకు ఎక్కలేదు. 1942 లో కొండలు దాటి వచ్చినవారిలో నేడు మిగిలినవారు అత్యల్పులు. 1964 లో పిల్లలుగా ఓడ దిగినవారు ఇప్పుడు వృద్ధులు. వారు పోయినచో రంగములో తెలుగు ఇల్లాలు చిన్‌బౌంగును ఎట్లు వండెనో, దానిలో ఎంత కారము వేసెనో, ఏ పండుగకు ఏ పిండివంట మానుకొని ఏది చేసెనో చెప్పువారుండరు. ఓడల లెక్కలు ప్రభుత్వ దస్త్రములలో దొరకవచ్చును. ఈ లెక్క మాత్రము ఏ దస్త్రములోను దొరకదు.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో దీనికి ఖర్చు లేని మార్గము కలదు. వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన ఇంటిలోని పెద్దవారిని అడిగి ఒక్క వంటను వ్రాసికొని రావచ్చును. అది ఎవరు నేర్పిరి, ఏ ఊరిలో, సుమారు ఏ సంవత్సరమున, ఏ సరకు దొరకక ఏది వేసిరి, పని ఏ విధముగా తగ్గించుకొనిరి అను ఐదు ప్రశ్నలు చాలును. నలుబది మంది పిల్లలున్న తరగతిలో నలుబది కాగితములు చేరును. వానిలో చరిత్రయు, భూగోళమును, రసాయనశాస్త్రమును, అమ్మమ్మ మాటతీరును కలిసియుండును. అడిగినప్పుడు ఆ పెద్దామె మొదట ‘ఇందులో వ్రాయుటకేమున్నది?’ అని నవ్వవచ్చును. పిల్లవాడు కలము మూయక కొంతసేపు కూర్చున్నచో చాలును, తక్కినది ఆమెయే చెప్పును.